పని మాట్లాడని విందుకి వెళ్తే పని జరుగుతుందా?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. మా కంపెనీ ఒక జపాన్ సంస్థతో సరఫరా ఒప్పందం మాట్లాడుతోంది. వచ్చే నెల వాళ్ల దగ్గర రెండు రోజుల మీటింగులు. మొదటి రోజు సాయంత్రం విందు. మా మేనేజర్ "మీటింగుకి లేటైనా పర్లేదు, విందుకి మాత్రం తప్పకుండా ఉండాలి" అని మరీ మరీ చెప్పారు. నాకు మందు అలవాటు లేదు, కొత్తవాళ్లతో కబుర్లు చెప్పడమూ అంతంతమాత్రమే. ధర, నాణ్యత, గడువు అన్నీ కాగితం మీద తేలేవే కదా, మరి ఈ సాయంత్రానికి అంత విలువ ఎందుకు? దేశాల మధ్య కూడా ఇలాగే పనులు అవుతాయంటారు, నిజమేనా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నావికుడు88
కొత్తచిగురు గారూ, మీటింగుకి కూడా లేటవకండి. మీ మేనేజర్ ఏదో ఊపులో అన్నట్టున్నారు. విందు గురించి మాత్రం ఆయన మాట వినండి.

జపాన్ కొనుగోలుదార్లతో చాలా ఏళ్లుగా నా వ్యాపారం. వాళ్ల మీటింగులోనే నిర్ణయం జరుగుతుందనుకుంటే మోసపోతాం. సంబంధం ఉన్న ప్రతి విభాగాన్నీ ముందే విడివిడిగా కలిసి, ఒప్పించి, ఆ తర్వాతే మీటింగు పెడతారు. అందుకని పదిమంది ముందు "ఇది మాకు నచ్చలేదు" అని సాధారణంగా ఎవరూ అనరు. అంటే తనవాళ్ల పరువూ మీ పరువూ రెండూ పోతాయి. "పరిశీలిస్తాం" అంటారు. మనం దాన్ని సరే అన్నట్టు రాసుకుని సంబరపడతాం.

అసలు అభ్యంతరం సాయంత్రం బయటికొస్తుంది. ఓ గంట గడిచాక పక్కన కూర్చున్న సెక్షన్ చీఫ్ "మా ప్లాంటు వాళ్లు ప్యాకింగ్ గురించి కొంచెం కంగారు పడుతున్నారు" అంటాడు, నవ్వుతూ. అంతే, వెంటనే ఇంకో టాపిక్‌లోకి వెళ్లిపోతాడు. అక్కడికక్కడే జవాబు చెప్పబోకండి, ఫోన్ తీసి నోట్ చేసుకోకండి. మర్నాడు మీ ప్రజెంటేషన్‌లో ప్యాకింగ్ మీద ఓ స్లైడు ఉండాలి. రాత్రి మీరలా అన్నారు కదా అన్న ముక్క మాత్రం ఎత్తకూడదు.

ఇక మందు సంగతి. టీ తాగుతానని మొదట్లోనే చెప్పేయండి, ఈ రోజుల్లో దానికి ఎవరూ ఏమీ అనుకోరు. గ్లాసు మాత్రం పూర్తిగా ఖాళీ చేయకండి, ఖాళీ అయితే పక్కవాళ్లు నింపేస్తారు. మీరూ పక్కవాళ్ల గ్లాసు మీద ఓ కన్నేసి ఉంచాలి. కబుర్లు రానివాళ్లకి అదొక వరం, చేతికి పని ఉంటుంది.

పాతలెడ్జర్
వినడానికి బాగానే ఉంది. నేను ఆడిట్‌లో చేసి రిటైరైనవాణ్ణి. "సంబంధాల మెరుగుదల" పద్దు కింద ఏమేం రాస్తారో నాకు తెలుసు.

మీరు చెప్పే జపాన్‌లోనే 1998 జనవరిలో ఏం జరిగింది? బ్యాంకులు ఖరీదైన విందులిచ్చి ఆర్థిక శాఖ అధికారుల నుంచి తనిఖీల సమాచారం రాబట్టాయని ప్రాసిక్యూటర్లు ఏకంగా ఆ శాఖ ఆఫీసులోనే సోదాలు చేశారు. ఆర్థిక మంత్రి మిత్సుజుకా రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ గొడవల తర్వాతే 1999లో ప్రభుత్వోద్యోగుల నైతిక వర్తన చట్టం తెచ్చి, 2000 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టారు. ఒక స్థాయి దాటిన అధికారి తమతో పని ఉన్న కంపెనీ నుంచి 5,000 యెన్‌లు మించిన కానుక గానీ విందు గానీ పుచ్చుకుంటే లిఖితంగా తెలపాలి. దక్షిణ కొరియా 2016 సెప్టెంబరు 28 నుంచి అధికారులతో పాటు టీచర్లకీ పాత్రికేయులకీ కూడా ఒక భోజనానికి 30,000 వన్‌ల పరిమితి పెట్టింది. 2024లో దాన్ని 50,000 చేశారు. చైనాలో 2012 డిసెంబరులో అధికారుల ఆడంబరాల మీద కమ్యూనిస్టు పార్టీ ఎనిమిది నిబంధనలు రాగానే ఖరీదైన మద్యం కంపెనీల షేర్లు పడిపోయాయి. అంటే అప్పటిదాకా ఆ సీసాలు ఎవరు కొన్నట్టు, ఎవరి కోసం కొన్నట్టు?

విందులో పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. ఎలాంటి పని అన్నదే నా ప్రశ్న.

చరిత్రపిచ్చి
మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ విందు పేరుతో లంచం ఇవ్వడం వేరు, కాగితం మీద అనలేని మాట అనడానికి చోటు వెతుక్కోవడం వేరు. రెండోదానికి నాకు తెలిసిన మంచి కథ ఫిన్లాండ్‌ది.

1960 సెప్టెంబరులో అధ్యక్షుడు కెక్కొనెన్‌కి 60 ఏళ్లు నిండాయి. పుట్టినరోజు పేరుతో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ హెల్సింకీ వచ్చాడు. విందయ్యాక కెక్కొనెన్ ఆయన్ని తన నివాసంలోని సౌనాకి, అంటే ఆవిరి స్నానపు గదికి తీసుకెళ్లాడు. తెల్లవారుజామున అయిదింటి దాకా అక్కడే ఉన్నారంటారు. అప్పుడు ఫిన్లాండ్ బాధల్లా ఒక్కటే. పశ్చిమ దేశాల వాణిజ్య కూటమి ఎఫ్టాలో చేరకపోతే దాని కాగితం, కలప అమ్ముడుపోవు. చేరితే మాస్కోకి కోపం. 1961 మార్చిలో ఫిన్లాండ్ ఎఫ్టాతో ఒప్పందం చేసుకుంది, మాస్కో అడ్డుపడలేదు.

ఇద్దరు దేశాధినేతలు ఒంటిమీద బట్టలు లేకుండా ఆవిరిలో కూర్చుంటే ఒకరి ముందు ఒకరు ఎంతసేపని బింకంగా ఉంటారు! ఇప్పటికీ ఫిన్లాండ్ చాలా రాయబార కార్యాలయాల్లో సౌనా కట్టుకుంటుంది. వాషింగ్టన్‌లో అయితే ఆ ఆహ్వానం కోసం జనం ఎదురుచూస్తారు.

పాతలెడ్జర్
కథ బాగుంది, సగమే చెప్పారు. ఎఫ్టా దేశాలకి ఇచ్చిన సుంకాల రాయితీలే సోవియట్ సరుక్కీ ఇస్తామని ఫిన్లాండ్ 1960 నవంబరులో విడిగా ఒప్పుకుంది. కృశ్చేవ్ ఆవిరికి కరిగిపోలేదు, తనకి రావాల్సింది కాగితం మీద రాయించుకునే పోయాడు.

చరిత్రపిచ్చి
ఒప్పుకుంటాను. అయితే ఆ కాగితం రాయడానికి ముందు, "మీకేం ఇస్తే అడ్డుపడకుండా ఉంటారు?" అని ఎవరో ఒకరు అడగాలి కదా. రాయబారి ద్వారా లిఖితంగా అడిగితే అది బేరం అవుతుంది, పత్రికల్లో వస్తుంది, స్వదేశంలో ప్రతిపక్షం పట్టుకుంటుంది.

గోడమీదపిల్లి
అందరూ విందు అంటే తీపి కబుర్లే చెబుతున్నారు. 2007 జనవరిలో సోచిలో అప్పటి జర్మనీ చాన్సలర్ మెర్కెల్‌తో పుతిన్ భేటీ ఫోటోలు చూడండి. అక్కడ కూడా వాతావరణం చాలా "ఇంటి మనిషి" తరహాలోనే ఉంది. పెద్ద నల్ల కుక్క గదిలోకి వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర వాసన చూస్తోంది. ఆవిడకి కుక్కలంటే భయం, 1995లో ఒకటి కరిచింది కూడా. ఆ సంగతి తనకి తెలీదని పుతిన్ తర్వాత అన్నారు. ఆయన ముఖంలో చిరునవ్వు చూసి మీరే తేల్చుకోండి.

మీటింగు హాల్లో అయితే కుక్కని లోపలికి రానివ్వరు. నియమాలు ఉండటం బలహీనుడికే లాభం.

నిశాచరి
పిల్లి గారు నవ్విస్తూనే అసలు మాట అనేశారు. నేను ఓ కంపెనీలో కొనుగోళ్ల విభాగం చూస్తాను. పని మాటలు ఆఫీసు బయట జరిగే కొద్దీ, ఆ బయటికి ఎవరు రాగలరు అన్నది ముఖ్యమైపోతుంది.

గోల్ఫ్ సంగతే తీసుకోండి. పెద్ద కంపెనీల అధిపతులు కలుసుకునే చోటని పేరున్న అగస్టా నేషనల్ క్లబ్బు 2012 ఆగస్టు దాకా ఒక్క మహిళని కూడా సభ్యురాలిగా తీసుకోలేదు. అప్పుడు తీసుకున్న ఇద్దరిలో ఒకరు అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన కాండొలీజా రైస్. ఆ పదవి కూడా చేశాక గానీ తలుపు తెరుచుకోలేదన్నమాట. టోక్యో దగ్గరి కసుమిగసెకి క్లబ్బు ఒలింపిక్స్ వేదిక కావాల్సి వచ్చి, బయటి నుంచి ఒత్తిడి పెరిగాక 2017లో మహిళలకి పూర్తి సభ్యత్వం ఇచ్చింది.

మేనేజర్లు మా ఎదుట "అన్నీ మీటింగులోనే తేల్చుకుందాం" అంటారు. సోమవారం వచ్చేసరికి శనివారమే అంతా తేలిపోయి ఉంటుంది. శనివారం ఎక్కడ కలిశారో మాకు తెలీదు. చంటిపిల్లలున్న తల్లులు, మందు తాగనివాళ్లు, ఆటలు రానివాళ్లు, నాలుగేసి గంటలు కబుర్లు చెప్పే ఓపిక లేనివాళ్లు ఇలాంటి చోట్ల మొదటి నుంచీ వెనకబడే ఉంటారు. పనిలో వాళ్లే మెరుగ్గా ఉన్నా సరే.

నావికుడు88
నిశాచరి గారూ, ఇది కాదనలేను. మా రంగంలో ఇప్పుడిప్పుడే రాత్రి విందు బదులు మధ్యాహ్న భోజనం పెట్టే కంపెనీలు కనిపిస్తున్నాయి. దానికి వచ్చేవాళ్లలో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది.

దుబాసీ
అందరి పోస్టులూ చదివాను. నేను అనువాదకురాలిని, రెండు పక్షాల మధ్య కూర్చుని ఒకరి మాటని ఇంకొకరి భాషలోకి మార్చేదాన్ని. విందుల్లో నా కుర్చీ కొంచెం వెనక్కి వేస్తారు, ముందు ప్లేటు ఉండదు. వాళ్లు నములుతున్నప్పుడే నేను మాట్లాడాలి, కాబట్టి తినే ముచ్చట లేదు.

అక్కడి నుంచి చూస్తే ఒకటి బాగా తెలుస్తుంది. మీటింగులో ఇద్దరూ నాకోసం ఆగి ఆగి, పూర్తి వాక్యాల్లో మాట్లాడతారు. విందులో సగం వాక్యం అని ఆపేస్తారు. "మా బోర్డు సంగతి మీకు తెలియంది కాదు..." అని చెయ్యి ఊపుతారు. ఆ చెయ్యి ఊపడాన్ని నేను ఏ భాషలోకి మార్చను? వాక్యం పూర్తి చేస్తే ఆయన అనని మాట నేనన్నట్టు. అలాగే వదిలేస్తే అవతలివాళ్లకి అర్థం కాదు. సగంలోనే వదిలేసి, అవతలి మనిషి అడిగేదాకా ఆగుతాను. అడిగితే అప్పుడు మొదటాయనే పూర్తి చేసుకుంటాడు, లేదా చేయడు.

మరీ కష్టమైంది, అనువాదకులు లేకుండా ఇద్దరూ పక్కకి వెళ్లడం. 2017 జులైలో హాంబర్గ్ జీ20 విందులో ట్రంప్ లేచి వెళ్లి పుతిన్ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఆ రాత్రి ట్రంప్ వెంట ఉన్న అనువాదకురాలికి వచ్చింది జపనీస్, ఎందుకంటే భోజనంలో ఆయన పక్క సీటు జపాన్ ప్రధాని భార్యది. కాబట్టి పుతిన్ అనువాదకుడి మీదే ఇద్దరూ ఆధారపడ్డారు. అమెరికా వైపు ఆ సంభాషణకి నోట్సు రాసేవాళ్లు లేరు. ఏం మాట్లాడుకున్నారన్నది ఆ ముగ్గురికే తెలియాలి.

పాతలెడ్జర్
అనువాదకురాలి గారు చెప్పింది ఫ్రేము కట్టి పెట్టుకోవాలి. మనవైపు నోట్సు లేని మాటకి మనదగ్గర సాక్ష్యం లేదు.

చరిత్రపిచ్చి
నోట్సు ఉండకూడదనే కదా కొన్ని చోట్ల అలా కలిసేది. 1982 జులైలో అమెరికా తరఫున పాల్ నిట్జె, సోవియట్ తరఫున క్విత్సిన్‌స్కీ జెనీవాలో మధ్యశ్రేణి క్షిపణుల చర్చల్లో ఇరుక్కుపోయి ఉన్నారు. ఇద్దరూ స్విట్జర్లాండ్ జూరా కొండల్లోకి నడకకి వెళ్లారు. ఓ దుంగ మీద కూర్చుని, నిట్జె తయారుచేసుకున్న కాగితాలు తీసి, ఇద్దరూ కలిసి అంకెలు దిద్దుకుంటూ ఒక ప్యాకేజీకి వచ్చారు. నెలల తరబడి బల్ల దగ్గర కుదరనిది ఒక్క మధ్యాహ్నంలో కుదిరింది.

గోడమీదపిల్లి
తర్వాత?

చరిత్రపిచ్చి
తర్వాత రెండు రాజధానులూ తిరస్కరించాయి. :( ఆ క్షిపణులని రద్దు చేసే ఒప్పందం 1987 డిసెంబరులో గానీ రాలేదు.

పాతలెడ్జర్
అదీ!

రాత్రిషిఫ్ట్
మన చుట్టుపక్కలే చూడండి. 1999 ఫిబ్రవరిలో వాజ్‌పేయి బస్సులో లాహోర్ వెళ్లారు, మే నాటికి కార్గిల్. 2015 డిసెంబరు 25న మోదీ దారిలో లాహోర్‌లో దిగి నవాజ్ షరీఫ్ ఇంటికి వెళ్లారు, 2016 జనవరి 2న పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి. చైనాతో 2018 ఏప్రిల్‌లో వుహాన్, 2019 అక్టోబరులో మామల్లపురం. రెండిటికీ "అనౌపచారిక శిఖరాగ్ర సమావేశం" అనే పేరు, ఎజెండా లేదు, సంయుక్త ప్రకటన లేదు. గుళ్ల మధ్య నడక, ఫోటోలు అన్నీ అయ్యాయి. 2020 జూన్‌లో గల్వాన్. ఇంక ఈ స్నేహపూర్వక సాయంత్రాల వల్ల ఒరిగిందేమిటి?

దుబాసీ
రాత్రిషిఫ్ట్ గారూ, నాయకులిద్దరికీ స్నేహం కుదిరితే దేశాల అవసరాలు మారిపోతాయని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరికీ కావాలని ఉండి, ముందు నేను అడిగితే నాకు నామోషీ అని ఆగిపోయిన చోట ఈ సాయంత్రాలు పనికొస్తాయి. అసలు ఒకరికి అక్కర్లేని చోట ఎన్ని నడకలు నడిచినా ఫోటోలే మిగులుతాయి.

పింగ్‌పాంగ్ కథ అందరికీ తెలిసిందే కానీ దాన్ని ఈ దృష్టితో చూడండి. 1971 ఏప్రిల్‌లో జపాన్‌లోని నగోయాలో ప్రపంచ పోటీలు. అమెరికా ఆటగాడు గ్లెన్ కోవన్ చైనా జట్టు బస్సు ఎక్కాడు. అమెరికన్లతో కావాలని మాట కలపొద్దని చైనా ఆటగాళ్లకి ముందే చెప్పి ఉంచారు, అందుకని బస్సులో చాలాసేపు అందరూ మౌనం. చివరికి చాంపియన్ జువాంగ్ జెడోంగ్ వెనక సీటు నుంచి లేచి వచ్చి పలకరించి, హువాంగ్‌షాన్ పర్వతాల బొమ్మ ఉన్న పట్టు గుడ్డ చేతిలో పెట్టాడు. బస్సు దిగేసరికి ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. ఏప్రిల్ 10న అమెరికా జట్టు చైనాలో అడుగుపెట్టింది, జులైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ రహస్యంగా వెళ్లారు, 1972 ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్.

అయితే అమెరికా అప్పటికే చైనా ప్రయాణాల మీద ఆంక్షలు సడలించింది. పాకిస్తాన్ ద్వారా కబుర్లు నడుస్తున్నాయి. రెండు వైపులా కావాలనే ఉంది, మొదటి అడుగు ఎవరిదని చెప్పుకోవాలన్నదే ఇబ్బంది. ఓ ఆటగాడు బస్సు ఎక్కాడు కాబట్టి ఎవరూ ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

చరిత్రపిచ్చి
దీనికి ఇంకో రూపం అంత్యక్రియలు. నాకు చాలా ఆసక్తి ఉన్న విషయం, కొంచెం సాగదీస్తాను, క్షమించండి.

శత్రుదేశపు నాయకుణ్ణి పిలవాలంటే పెద్ద తతంగం. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ప్రకటనలో ఏం రాయాలి, ఏమీ తేలకపోతే పరువు ఎలా. చావుకి అవేం ఉండవు. పిలుపు అక్కర్లేదు, రావడం మర్యాద, ఎజెండా లేదు కాబట్టి విఫలమయ్యేదీ లేదు. 1980 మేలో యుగోస్లావియా నాయకుడు టిటో అంత్యక్రియలకి బెల్‌గ్రేడ్‌లో ప్రపంచం మొత్తం దిగింది. మాస్కోలో మూడేళ్ల లోపే ముగ్గురు నాయకులు పోయారు. 1982 నవంబరులో బ్రెజ్నెవ్, 1984 ఫిబ్రవరిలో ఆంద్రోపోవ్, 1985 మార్చిలో చెర్నెంకో. పశ్చిమ జర్మనీ నాయకుడు కోల్, తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ ఒకరి రాజధానికి ఒకరు వెళ్లలేని రోజుల్లో ఆంద్రోపోవ్ అంత్యక్రియల దగ్గరా, మళ్లీ చెర్నెంకో అంత్యక్రియల దగ్గరా మాస్కోలో కలిసి మాట్లాడుకున్నారు. హోనెకర్ పశ్చిమ జర్మనీ రాజధాని బాన్ వెళ్లగలిగింది 1987లో. 2013 డిసెంబరులో మండేలా సంస్మరణ సభలో ఒబామా, క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో చేతులు కలిపినప్పుడు కూడా రెండు దేశాల మధ్య రహస్య చర్చలు నడుస్తూనే ఉన్నాయి. ఏడాది తర్వాత సంబంధాల పునరుద్ధరణ ప్రకటించారు.

గోడమీదపిల్లి
కొత్తచిగురు గారు విందు గురించి అడిగితే మీరు శవయాత్రకి తీసుకెళ్లారు.

నిశాచరి
:) మళ్లీ వ్యాపారంలోకి వద్దాం. ఆయన మొదటి ప్రశ్న, అన్నీ కాగితం మీద తేలేవే కదా అని. తేలవండీ. స్టీవర్ట్ మెకాలే అనే అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు విస్కాన్సిన్ వ్యాపారులతో మాట్లాడి 1963లో ఒక పరిశోధన ప్రచురించాడు. తగాదా వచ్చినప్పుడు చాలామంది ఒప్పందం బయటికి తియ్యనే తియ్యరట, ఫోన్ చేసి సర్దుకుంటారట. మళ్లీ రేపు ఆ మనిషితోనే వ్యాపారం చేయాలి కాబట్టి.

నా ఉద్యోగంలో రోజూ చూసేదీ అదే. సరుకు ఆలస్యమైతే జరిమానా క్లాజు ఉంటుంది. కానీ ఆలస్యమవుతుందని వారం ముందు చెప్పే సరఫరాదారు, గడువు రోజు సాయంత్రం చెప్పేవాడు ఒకటి కాదు. ముందే ఫోన్ చేసి "మేడమ్, ఈసారి కొంచెం ఇబ్బందిగా ఉంది" అనగలగాలంటే అవతలి మనిషి తెలిసి ఉండాలి. ఏ క్లాజులోనూ రాయలేనిది అదొక్కటే. మీ విందు దానికోసం అనుకోండి. మీ సెక్షన్ చీఫ్ రేపెప్పుడో ఓ చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే మీ నంబరు తడుముకోకుండా నొక్కాలి.

రాత్రిషిఫ్ట్
మరి మాలాగా విమానం ఎక్కే బడ్జెట్ లేనివాళ్లకి? మా క్లయింట్లని నేను ఇప్పటిదాకా వీడియో కాల్‌లో మెడ పైభాగమే చూశాను.

నిశాచరి
దానికీ ఒక ప్రయోగం ఉంది. మైకేల్ మోరిస్, మరి కొందరు 2002లో ప్రచురించారు. విద్యార్థులతో ఈమెయిల్ మీద బేరాలు ఆడించారు. కొందరిని ముందు కాసేపు ఫోన్లో ఊరికే మాట్లాడుకోమన్నారు, బేరం మాట ఎత్తకుండా. అలా మాట్లాడుకున్నవాళ్ల మధ్య నమ్మకం ఎక్కువ ఉండి, బేరాలూ మెరుగ్గా కుదిరాయి. మీటింగు లింకు మొదలయ్యాక "అందరూ వచ్చారా" అని ఎదురుచూసే అయిదు నిమిషాలు మ్యూట్‌లో కూర్చోకండి, మీకు దొరికే విందు అదే.

పాతలెడ్జర్
ఇది ఖర్చు లేని పద్ధతి, నాకు అభ్యంతరం లేదు.

కొత్తచిగురు గారికి నా వంతు సలహా. వెళ్లేముందు అవతలి కంపెనీ కానుకల నియమాలు ఏమిటో వాళ్ల కొనుగోళ్ల విభాగాన్ని ఈమెయిల్‌లో అడగండి, మీ కంపెనీవి కూడా చదవండి. అడగడం అవమానమేమీ కాదు, పెద్ద కంపెనీలు ఆ ప్రశ్న కోసం ఒక పేజీ సిద్ధంగా పెట్టుకుంటాయి. విందులో ఏదైనా మాట ఇచ్చేస్తే మర్నాడు పొద్దున్నే మీ మేనేజర్‌కి రాసి పంపండి. అసలు ఇవ్వకపోతే మరీ మంచిది.

కొత్తచిగురు
అందరికీ ధన్యవాదాలు. ఇంత చర్చ అవుతుందని అనుకోలేదు. ఒక సందేహం. విందుకి నేనూ మేనేజరూ మాత్రమే వెళ్తున్నాం. ప్యాకింగ్ లాంటి విషయాలు వస్తే అసలు తెలిసిన మనిషి మా ప్రొడక్షన్ ఇంజినీరు. ఆవిడ మీటింగుకి వస్తున్నారు, విందు లిస్టులో మాత్రం పేరు లేదు. చేర్చమని అడగొచ్చా, అతి అవుతుందా?

నావికుడు88
తప్పకుండా అడగండి. వాళ్ల వైపు నుంచి కూడా ప్లాంటు మనిషి వచ్చే అవకాశం ఎక్కువ, ఇద్దరు ఇంజినీర్లు పక్కపక్కన పడితే మీరు మాట్లాడాల్సిన పని సగం తగ్గుతుంది. ఎంతమంది వస్తున్నారో పేర్లూ హోదాలతో వారం ముందే పంపాలి. సీట్లు వాళ్లే హోదాని బట్టి సర్దుకుంటారు, మీరు ఎక్కడపడితే అక్కడ కూర్చోకుండా చూపించేదాకా నిలబడండి.

నిశాచరి
ఆవిడకి కూడా ఓ మాట చెప్పి అడగండి. రాత్రి విందు ఆవిడకి కుదరకపోతే మర్నాడు మధ్యాహ్న భోజనానికి ప్లాంటు వాళ్లని మీరే పిలవొచ్చు.

కొత్తచిగురు
మేనేజర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. "ఆవిడ పేరు నేనే మర్చిపోయాను, రేపే పంపుతాను" అన్నారు.

గోడమీదపిల్లి
మీటింగుకి లేటవకండి.